గొంతు పట్టుకున్నాడంతే

మొన్న గురువారం మా జిల్లా కేంద్రంలో ఒక ట్రైనింగ్‌లో పాఠం చెప్పి వచ్చాను. స్టేజి వెనక ఫ్లెక్సీ మీద "గృహహింస బాధితులపై అవగాహన సదస్సు" అని ఉంది. బాధితులపై అవగాహన ఏమిటో నాకు అర్థం కాలేదు గానీ, ఫ్లెక్సీ కొట్టించిన కుర్రాడు అప్పటికే మైకుతో నానా తంటాలు పడుతున్నాడని ఊరుకున్నాను. నా పాఠం అసలు పేరు ఆ ఫ్లెక్సీలో లేదు. మొగుడు గొంతు పిసికాక కూడా బతికి బయటపడిన మనిషి మన ముందుకు వస్తే ఏం చూడాలి, ఏం అడగాలి, ఏం రాయాలి అన్నది నా పాఠం. దాన్ని ఫ్లెక్సీ మీద వేయించాలంటే ఎవరికైనా మొహమాటమే.

నలభై మంది దాకా వచ్చారు. ఏఎన్ఎమ్‌లు, ఆశ కార్యకర్తలు, సచివాలయాల మహిళా పోలీసులు, ఇద్దరు ఎస్సైలు, సఖి కేంద్రం కౌన్సెలర్లు, 108లో పనిచేసే ఒక టెక్నీషియన్, మా ఆసుపత్రి నుంచి నలుగురు సిస్టర్లు. నాకిచ్చింది గంట. అందులో పావుగంట అధ్యక్షులవారి తొలిపలుకులకే పోయింది.

పాఠం మొదలుపెట్టకుండా ముందు అందరికీ చిన్న చీటీలు పంచాను. మీ ఊళ్ళో ఆడవాళ్ళు ఈ సంగతిని ఏ మాటల్లో చెప్తారో రాయండి, మీ పేర్లు రాయొద్దు అన్నాను. వచ్చిన మాటలన్నీ బోర్డు మీద రాశాను. గొంతు పిసికాడు. పీక నులిమాడు. పీక పట్టుకున్నాడు. మెడ మీద చెయ్యేశాడు. గోడకేసి అదిమాడు. ఊపిరాడనివ్వలేదు. చున్నీ లాగాడు. మొహం మీద దిండు పెట్టాడు. గుండెల మీద ఎక్కి కూర్చున్నాడు. ఖమ్మం వైపు నుంచి ఇటు కోడలిగా వచ్చిన ఒక ఆశ "కుతిక పిసికిండు" అని రాసింది. ఒక చీటీలో మాత్రం "చెప్పరు మేడమ్" అని రెండే మాటలు. మిగతా ముప్పై తొమ్మిది చీటీల కన్నా నిజమైన జవాబు అదే అనిపించింది.

మన భాషలో ఈ మాటకి విలువ లేకుండా పోయింది. అల్లరి చేసే పిల్లాడికి "పీక పిసికేస్తా వెధవా" అంటాం, వాడు నవ్వుతాడు. పేపర్లో రోజూ ఎవరో ఒకరు ప్రజాస్వామ్యం గొంతు నొక్కుతూనే ఉంటారు. అసలైన గొంతు, చర్మం, రక్తనాళాలూ ఉన్న గొంతు నొక్కితే మాత్రం ఆ మనిషి ఆసుపత్రికొచ్చి "కొట్టాడండి" అంటుంది. ఎలా కొట్టాడమ్మా అని రెండోసారి అడిగితే చెంప చూపిస్తుంది, వీపు చూపిస్తుంది. మూడోసారి అడిగితే, అడిగే ఓపిక మనకుంటే, "గొంతు పట్టుకున్నాడంతే" అంటుంది.

ఆ "అంతే" గురించే నేను కొన్నేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను. ఎందుకు చెప్తున్నానో కూడా ప్రతిసారీ చెప్తాను, ఇక్కడా చెప్తాను.

2014లో నేనొక ఏరియా ఆసుపత్రిలో క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్ని. రాత్రి పదకొండు దాటాక ఒకామె వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. పక్కన అత్తగారు. "కళ్ళు తిరిగి పడిపోయింది డాక్టరమ్మా, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు" అని అత్తగారే చెప్పింది. కళ్ళ కింది రెప్ప లాగి చూశాను, పాలిపోయి ఉంది. మన దగ్గర ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తం తక్కువే కాబట్టి అదేమీ వింత కాదు. కంటి తెల్లగుడ్డులో ఒక మూల ఎర్రగా ఉంది. ఆ నెలలో ఊరంతా కళ్ళకలక. గొంతు బొంగురుగా ఉంది. "జలుబు చేసిందా అమ్మా?" అన్నాను. తల ఊపింది. చీటీ మీద కంట్లో చుక్కల మందు, దగ్గు సిరప్, ఐరన్ మాత్రలు రాసి పంపాను. మొత్తం నాలుగు నిమిషాలు. బయట పాము కరిచిన కేసు ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమెను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. కుడి చెయ్యి లేవడం లేదు, మాట రావడం లేదు. ఇరవై ఆరేళ్ళ పిల్లకి పక్షవాతం. పెద్దాసుపత్రికి పంపితే అక్కడ స్కానింగ్‌లో తేలింది: మెదడుకి రక్తం తీసుకెళ్ళే మెడ ధమని లోపలి పొర చీలింది, అక్కడ గడ్డకట్టిన రక్తం పైకి ఎక్కింది. మాట కొంచెం తిరిగొచ్చాక వాళ్ళ అక్కతో చెప్పిందట, ఆ రాత్రి గొంతు పట్టుకున్నాడని. పడిపోవడం నిజమే, ఆకలి వల్ల కాదు. గొంతు బొంగురు నిజమే, జలుబు వల్ల కాదు. కంట్లో ఎరుపు కళ్ళకలక కాదు, సన్నటి నాళాలు చిట్లి కమ్మిన రక్తం. మూడు ఆనవాళ్ళు నా బల్ల ముందుకొచ్చి కూర్చుంటే మూడింటికీ మూడు మందులు రాసి పంపించానన్నమాట.

మూడేళ్ళకి కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. సాక్ష్యం చెప్పడానికి వెళ్తే డిఫెన్స్ లాయరు ఒక ప్లాస్టిక్ కవర్లోంచి ఆ రాత్రి ఓపీ చీటీ తీశాడు. అత్తగారు దాచింది. "ఇది మీ చేతిరాతేనా? జలుబు, కళ్ళకలక, నీరసం అని రాశారు. గొంతు మీద దెబ్బ అని ఎక్కడైనా రాశారా?" లేదన్నాను. "మీరు అడిగారా?" అడగలేదన్నాను. ఆయన గొంతు కూడా పెంచలేదు. ఆ అవసరం రాలేదు. హత్యాయత్నం సెక్షన్ నిలవలేదు. ఆమె గ్యాలరీలో కూర్చుని ఉంది, ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని. నా వైపు చూసిందో లేదో నాకు తెలియదు, నేను అటు చూడలేదు.

ఇంటికొచ్చి పాత ఫోరెన్సిక్ పుస్తకం తీశాను. ఊపిరాడక చనిపోవడం గురించి అధ్యాయాలకి అధ్యాయాలు. ఉరికీ, గొంతు నులమడానికీ తేడా ఎలా కనిపెట్టాలి, గొంతులోని హయాయిడ్ ఎముక ఎక్కడ విరుగుతుంది, తాడు గుర్తు ఏ కోణంలో పడుతుంది, అన్నీ ఉన్నాయి. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న కూడా వచ్చేది. అయితే అదంతా పోస్టుమార్టం బల్ల మీది మెడ. లేచి కూర్చుని, పమిట సర్దుకుని, "ఏం లేదండీ" అనే మెడ గురించి నేను చదివిన చదువులో దాదాపు ఏమీ లేదు. మనం ఆమెను చచ్చాక చాలా జాగ్రత్తగా పరీక్షిస్తాం.

తర్వాత వెతుక్కుంటూ చదివాను. అమెరికాలోని శాన్ డియాగోలో 1995లో ఇద్దరు టీనేజ్ అమ్మాయిలు వాళ్ళతో సంబంధం ఉన్నవాళ్ళ చేతుల్లో చనిపోయారు. ఆ చావులు అక్కడి ప్రాసిక్యూటర్లను కుదిపేశాయి. గేల్ స్ట్రాక్ అనే ఆవిడ, మరికొందరు కలిసి, గొంతు పిసికారని పోలీసులకి అందిన పాత ఫైళ్ళు మూడు వందలు బయటికి తీయించి చదివారు. ఆ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. సగం మందికి ఒంటి మీద కనిపించే గుర్తే లేదు. ఇంకో 35 శాతం మందికి ఉన్నా, ఫొటోలో పడేంత లేదు. అంటే ఫొటో చూపించి కోర్టులో మాట్లాడగలిగింది వందకి పదిహేను మంది విషయంలో. "మచ్చ లేదు, కేసు లేదు" అనే మన లెక్క ప్రకారం మిగతా ఎనభై ఐదు మందికీ ఏమీ జరగనట్టే. ఈ శిక్షణలు అనే ఆలోచన పెరిగింది అక్కడినుంచే. 2011లో ఆవిడా, కేసీ గ్విన్ అనే మరో ప్రాసిక్యూటరూ కలిసి పోలీసులకీ, నర్సులకీ, లాయర్లకీ ఇదొక్కటే నేర్పించే సంస్థ పెట్టారు.

ఇంకొకటి 2008లో వచ్చింది. నాన్సీ గ్లాస్, జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే అమెరికా పరిశోధకుల అధ్యయనం. అంతకుముందు ఒక్కసారైనా గొంతు పిసికించుకున్న స్త్రీ, తర్వాత అదే మనిషి చేతిలో హత్యకి గురయ్యే అవకాశం ఏడు రెట్లకి పైగా ఎక్కువని తేలింది. ఈ మాట చెప్పినప్పుడు గదిలో కుర్చీల చప్పుడు ఆగిపోతుంది. అన్నిచోట్లా ఆగింది.

అయినా గురువారం ఒక ఎస్సైగారు చెయ్యెత్తారు. మర్యాదస్తుడే, వ్యంగ్యం లేదు. "మేడమ్, మీరు చెప్పేది అర్థమైంది. మచ్చ లేకపోతే నేను కాయితం మీద ఏం చూపించాలి?" అన్నారు.

నేను ఈ ప్రశ్న కోసమే బీపీ మిషన్ తీసుకెళ్తాను. ఆయన్ని ముందుకు పిలిచి చొక్కా చెయ్యి మడిచి పట్టీ కట్టాను. ఒక ఏఎన్ఎమ్‌ని ఆయన మణికట్టు దగ్గర నాడి పట్టుకోమన్నాను. ముందు 60 దాకా గాలి కొట్టి ఆపాను. నాడి ఆడుతూనే ఉంది. కాసేపటికి చేతి మీద నరాలు ఉబ్బాయి, అరచెయ్యి రంగు మారింది. "రక్తం లోపలికి వెళ్తోంది, బయటికి రావడం లేదు. ఇదే మెడ అయితే ఉబ్బేది మొహం, చిట్లేది కంట్లో, రెప్పల లోపల, చెవుల వెనక ఉండే సన్నటి నాళాలు. డెంగీ సీజన్లో ఇలాగే పట్టీ బిగించి టోర్నికే టెస్టు చేసి చర్మం మీద చుక్కలు లెక్కపెడతారు కదా, అవే చుక్కలు" అన్నాను. ఏఎన్ఎమ్‌లందరూ ఒక్కసారి తలలూపారు. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు పేరు చెప్పి పెటీకియే, పెటీకియే అన్నా ఎక్కనిది డెంగీ అనగానే ఎక్కింది.

తర్వాత 180 దాకా కొట్టాను. "నాడి పోయింది మేడమ్" అంది ఆ అమ్మాయి. అందర్నీ పది దాకా గట్టిగా లెక్కపెట్టమన్నాను. ఒకటి, రెండు... పదికి పట్టీ వదిలేశాను. "రెండువైపులా మెడ ధమనులు ఇలా మూసుకుంటే పది అంకెలు పూర్తయ్యేలోపే స్పృహ పోతుంది. ఇప్పుడు ఎస్సైగారి చెయ్యి చూడండి, మచ్చ ఏదీ?" పట్టీ అంచు గీత కొద్దిగా కనిపించింది, టీ తాగేలోపు అదీ పోయింది.

ఎంత బలం కావాలన్నది పుస్తకాల్లోనే ఉంది. మెడ సిరలు మూసుకోవడానికి రెండు కిలోల ఒత్తిడి చాలు. ధమనులకి నాలుగైదు కిలోలు. గాలి గొట్టం మూయడానికి పదిహేను. ఈ మూడు అంకెల్లోనే కోర్టులో పదే పదే వచ్చే ఒక అబద్ధానికి జవాబుంది. "ఆమె అరిచింది కదండీ, అరిచిందంటే ఊపిరి ఆడుతోందనే కదా?" అంటారు. గాలి గొట్టం గట్టిది, అది చివర్న మూసుకుంటుంది. గొంతులోంచి మాట వస్తూ ఉండగానే మెదడుకి రక్తం ఆగిపోవచ్చు. మాట్లాడగలిగిన మనిషికి ఏమీ కాలేదనుకోవడం 108 వాళ్ళ దగ్గర్నుంచి ఇరుగుపొరుగు దాకా అందరూ చేసే తప్పు. నేనూ చేశాను.

ఇక అడగడం. ఇదే పాఠంలో కష్టమైన భాగం, ఎక్కువసేపు పట్టేది కూడా ఇదే.

"మీ ఆయన గొంతు పిసికాడా?" అని అడిగితే లేదంటారు. చాలామంది మనసులో గొంతు పిసకడం అంటే చంపడం. తను బతికే ఉంది కాబట్టి అది జరగలేదనుకుంటుంది. అందుకని జరిగిన పనిని విడగొట్టి అడగాలి. "మీ మెడ మీద గానీ, గొంతు మీద గానీ చెయ్యి పెట్టాడా? మోచెయ్యి? మోకాలు? చున్నీ, తువ్వాలు, ఛార్జర్ వైరు ఏదైనా? మొహం మీద దిండు?" తర్వాత, "అప్పుడు కళ్ళు బైర్లు కమ్మాయా? చెవుల్లో గుయ్యిమందా? మధ్యలో ఒక ముక్క గుర్తు లేకుండా పోయిందా? నిలబడి ఉన్నదానివి, కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నావా?" స్పృహ పోయిన మనిషికి స్పృహ పోయిందని తెలియదు. "కళ్ళు తిరిగి పడిపోయాను" అంటుంది. మనం హిమోగ్లోబిన్‌కి రాస్తాం.

ఇంకో ప్రశ్న ఉంది. అది అడగడానికి నాకే రెండేళ్ళు పట్టింది. "అమ్మా, నీకు తెలియకుండా ఒంటికి పోయిందా? చీర తడిసిందా?" సిగ్గుతో తల దించుకుంటారు. ఆ తల దించుకోవడంలోనే జవాబుంటుంది, అయినా నోటితో చెప్పించాలి. శరీరం అలా అదుపు తప్పిందంటే మెదడు ఎంత లోతుకి పోయి వచ్చిందో అర్థం చేసుకోవాలి. ఈ ప్రశ్న మగ కానిస్టేబుల్ అడగకూడదా అని ఒకరన్నారు. అడగొచ్చు, గొంతు తగ్గించి, పక్కన ఎవరూ లేకుండా, "ఇలా చాలామందికి అవుతుంది తల్లీ" అని ముందు చెప్పి. అసలు అడగకపోవడం కన్నా అది నయం.

పక్కన ఎవరూ లేకుండా అన్నాను గానీ, మన ఆసుపత్రుల్లో అదెక్కడ కుదురుతుంది? భర్తో, అత్తగారో, ఆడబిడ్డో బెంచీ అంటిపెట్టుకుని ఉంటారు. "మీరు బయటికెళ్ళండి" అంటే అనుమానం, ఇంటికెళ్ళాక దానికి వేరే దెబ్బలు. ఇక్కడ మా ఆసుపత్రి సిస్టర్ ఒకావిడ లేచి తన ఉపాయం చెప్పింది. "నేనైతే చీటీ మీద సీలు లేదు, ఓపీ కౌంటర్‌కి వెళ్ళి వేయించుకురండి అంటాను మేడమ్. కౌంటర్ దగ్గర లైను ఎప్పుడూ ఉంటుంది. పది నిమిషాలు దొరుకుతాయి." హాలంతా నవ్వారు. నలభై మందీ రాసుకున్నారు కూడా. నా స్లైడ్లలో దేన్నీ అంత శ్రద్ధగా రాసుకోలేదు.

చూడాల్సిన చోట్ల గురించి త్వరగా చెప్తాను. మన చర్మపు రంగు మీద ఎరుపూ, కమిలిన నీలం తొందరగా తెలియవు. అందుకని టార్చి వేసి రెప్పలు తిప్పి చూడాలి, నోరు తెరిపించి అంగిలి చూడాలి, చెవుల వెనక, జుట్టు పాపిట్లో చూడాలి. గడ్డం కింద గోళ్ళ గీతలుంటే అవి చాలాసార్లు ఆమెవే, అతని వేళ్ళు ఊడదీసుకోవడానికి పెనుగులాడినవి. అతని చేతుల మీద ఉన్న గీరలు చూపించి "ఆవిడే ముందు రక్కింది" అని ఎదురు కేసు పెట్టిన సందర్భాలు ఆ హాల్లో ఇద్దరికి గుర్తొచ్చాయి. పసుపుతాడు, గొలుసు గీసుకున్న గుర్తు ఏ వైపుందో రాసుకోవాలి. గొంతు మారిందా, గుటక పడుతోందా, మెడ ఒక పక్కే నొప్పా, ఒక కనురెప్ప వాలిందా, గర్భవతా, ఇవన్నీ అడగాలి. స్పృహ పోయినా, ఒంటికి పోయినా, గొంతు మారినా, మెడ రక్తనాళాలని చూపించే స్కాన్, సీటీ యాంజియో, ఉన్నచోటికి పంపాలి. మామూలు ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపకూడదు. లోపలి వాపు గొంతుని మరుసటి రోజు కూడా మూసేయగలదు. ధమని చీలిక నా కేసులోలాగా రోజుల తర్వాత బయటపడవచ్చు.

జాగ్రత్తలు రాసిన కాయితం మాత్రం ఆమె సంచిలో పెట్టొద్దు. ఇంటికెళ్ళాక సంచి వెతికే మనిషి ఉంటాడు. నోటితో చెప్పండి, తిరిగి చెప్పించుకోండి. 181 మహిళా హెల్ప్‌లైన్, 112 ఎమర్జెన్సీ నంబర్లు నోటికి వచ్చేదాకా అనిపించండి.

రాయడం దగ్గరికొస్తే నేను కొంచెం కటువుగా మాట్లాడతాను. మన దేశంలో గొంతు పిసకడానికి విడిగా నేరం పేరు లేదు. నా బ్యాచ్‌మేట్ ఒకతను ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీలో పనిచేస్తాడు. అక్కడ 2021 చట్టంతో దీన్ని ప్రత్యేక నేరం చేశారు, 2022 జూన్ 7 నుంచి అమల్లో ఉంది, గాయం కనిపించకపోయినా ఐదేళ్ళ దాకా శిక్ష వేయవచ్చు. మన దగ్గర 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా అలాంటిది లేదు. ఉన్నవాటిలోనే సర్దుకోవాలి. 115(2) మామూలు గాయం, పోలీసు నేరుగా కేసు కట్టలేనిది. 117 తీవ్ర గాయం. 109 హత్యాయత్నం. 85 భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వం, పాత 498ఏ. ఏ మెట్టు మీద నిలబడుతుందన్నది చాలావరకు డాక్టరు వూండ్ సర్టిఫికెట్‌లో రాసే ఒక్క మాట మీద ఉంటుంది: సింపులా, గ్రీవియసా. తీవ్ర గాయం అంటే ఏమిటో చెప్పే 116వ సెక్షన్‌లో "ప్రాణానికి ముప్పు తెచ్చే గాయం" కూడా ఉంది. ఆ ముక్క చదివిన డ్యూటీ డాక్టర్లు ఎందరో నన్నడగొద్దు. మెడ మీద గీర లేకపోతే "సింపుల్" అని రాసి సంతకం పెట్టేస్తాం. అది అలవాటు.

హత్యాయత్నమని రాయడం మన పని కాదు. ఆమె ఏ మాట అందో ఆ మాటే, తెలుగులోనే, కొటేషన్లలో రాయాలి. "ఆరోపిత దాడి" అని ఒక ముక్కలో తేల్చేయకూడదు. చేత్తోనా, దేంతో, ఎంతసేపు అనిపించింది, ఎన్నిసార్లు, అప్పుడు అతను ఏమన్నాడు. ఒంట్లో ఏమైంది. మనం ఏం చూశాం, ఏం చూసినా కనిపించలేదు. "గాయాలు లేవు" అనడానికీ "పరీక్షించినప్పుడు పైకి గాయాలు కనిపించలేదు, అయితే గొంతు బొంగురుగా ఉంది, గుటక వేయడానికి నొప్పి ఉంది" అనడానికీ మధ్య ఒక మనిషి కుడి చెయ్యంత తేడా ఉంది.

ఇందులో నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఒకటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు ఇంటింటికీ వచ్చినప్పుడు, మీ భర్త ఎప్పుడైనా కావాలని మీ గొంతు నులమడానికో, మిమ్మల్ని కాల్చడానికో ప్రయత్నించాడా అని అడుగుతారు. ఆ రెండింటినీ ఒకే ప్రశ్నలో ఎందుకు కలిపారో గానీ, అడగడమైతే అడుగుతారు. 2019-21 సర్వేలో భర్త హింస ఎప్పుడో ఒకప్పుడు అనుభవించామని చెప్పినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. లెక్కలకోసం వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నని, వైద్యం చేసే చోట అడిగే గడి లేదు. 2005 గృహహింస చట్టం నియమాల్లో బాధితురాలికి ఆమె హక్కులు వివరించే ఫారం ఉంది. శారీరక హింస అంటే ఏమిటో అందులో చెంపదెబ్బ, కొట్టడం, కొరకడం, తన్నడం, గుద్దడం, తోయడం అని వరసగా రాశారు. కొరకడం దాకా గుర్తొచ్చింది గానీ గొంతు గుర్తు రాలేదు. "మరే విధంగానైనా" అన్న మాటలో అది దూరి కూర్చోవాలి.

అందుకని మూడేళ్ళ కిందట కోర్టు పక్క సందులో రబ్బరు స్టాంపులు చేసే ఆయన దగ్గర ఒకటి చేయించాను. మెడ: అడిగాము / చెప్పింది / స్పృహ / మూత్రం / గొంతు / గుటక / కళ్ళు. ఏడు మాటలు, ఎదురుగా ఖాళీ. ఎమ్మెల్సీ రిజిస్టరులో, అంటే పోలీసు కేసయ్యే పేషెంట్ల రిజిస్టరులో, ఆడ పేషెంటు పేరు పక్కన గుద్దితే చాలు, గడి నింపకపోతే ఖాళీ కళ్ళకి కొడుతుంది. పై అధికారి ఒకాయన ఇది ప్రొఫార్మాలో లేదు కదా అన్నారు. లేదండీ, అందుకే చేయించాను అన్నాను. గురువారం ఇంకో పన్నెండు స్టాంపులు పట్టుకెళ్ళి పంచాను. స్లైడ్లు పెన్‌డ్రైవ్‌లో అడిగినవాళ్ళు ముగ్గురు, స్టాంపు అడిగినవాళ్ళు పాతిక మంది. ఇంకా చేయించాలి. ఆయన ఇప్పుడు రేటు కొద్దిగా పెంచాడు.

గంట ట్రైనింగ్‌తో ఏం మారుతుందని మా ఆయన అడుగుతుంటారు. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగం మంది వచ్చే ఏడాదికి వేరే సీట్లో ఉంటారు, నిజమే. మళ్ళీ కొత్తవాళ్ళకి చెప్పాలి. భోజనాల తర్వాత పెట్టిన సెషన్లో సగం మంది కునుకు తీస్తారు, అదీ నిజమే. ప్రభుత్వం తలుచుకుంటే నర్సింగ్ సిలబస్‌లో, పోలీసు ట్రైనింగ్ కాలేజీల్లో ఇదొక పాఠంగా పెట్టొచ్చు. అది జరిగేదాకా నాకు బీపీ మిషనూ, స్టాంపులూ తప్ప గతి లేదు.

శనివారం రాత్రి ఒంటిగంటన్నరకి ఫోన్ మోగింది. గురువారం వచ్చిన సిస్టర్లలో ఒకమ్మాయి, డ్యూటీలో ఉంది. కొత్తగా చేరిన డాక్టరుబాబు వార్డులో ఉన్నాడట, తను మాట్లాడాకే ఆయన్ని పిలుస్తానంది. "మేడమ్, ఒకామె వచ్చింది. దెబ్బలేం లేవు. అత్తగారిని సీలుకి పంపించాను. మెడ అడిగాను. చెప్పింది. కాసేపు ఏమీ గుర్తు లేదంట. గుటక వేస్తే నొప్పంట." నేను లేచి కూర్చున్నాను. కళ్ళు చూశావా అన్నాను. చూసింది, ఎడమ రెప్ప లోపల చుక్కలున్నాయి. డాక్టరుబాబుని ఇప్పుడే పిలువు, సీటీ యాంజియో ఉన్నచోటికి 108లో పంపించమని చెప్పు, దార్లో కూర్చోబెట్టే తీసుకెళ్ళమను అన్నాను.

"స్టాంపు వేశాను మేడమ్. చెప్పింది అన్నచోట ఆవిడ మాటలే రాయమన్నారు కదా. గొంతు పట్టుకున్నాడంతే, అంది." ఒక్క క్షణం ఆగింది. "ఆ 'అంతే' కూడా రాయాలా?"

రాయమన్నాను.